రెండు వరుసల్లో ఏది చదవాలి: ఇండిపెండెంట్ శాంపుల్స్ టీ-టెస్ట్ ఫలితాన్ని అర్థం చేసుకోవడం

ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఇండిపెండెంట్ శాంపుల్స్ టీ-టెస్ట్ (సంబంధం లేని రెండు సమూహాల సగటులను పోల్చే పరీక్ష) నడిపితే తెరమీదికి వచ్చే పట్టికలో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఉంటాయి. పై వరుసకు ‘ఈక్వల్ వేరియన్సెస్ అజ్యూమ్డ్’ అని, కింది వరుసకు ‘ఈక్వల్ వేరియన్సెస్ నాట్ అజ్యూమ్డ్’ అని పేర్లు. వేరియన్స్ అంటే విస్తృతి, సమూహంలోని విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. అది రెండు సమూహాల్లోనూ సమానమని పై వరుస అనుకుంటుంది, కింది వరుస అనుకోదు. రెండింట్లోనూ టీ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో మిగిలిన స్వతంత్ర సమాచారం ఎంతో చెప్పే అంకె), పీ విలువ (నిజంగా తేడా లేకపోతే ఇంత లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) సాధారణంగా వేర్వేరుగా ఉంటాయి. పరిశోధక విద్యార్థులు చాలామంది పై వరుసను థీసిస్‌లోకి ఎక్కించి ముందుకు వెళ్లిపోతారు, ఎందుకంటే అది పైన ఉంది. మరికొందరు పీ విలువ తక్కువగా ఉన్న వరుసను ఎంచుకుంటారు. ఈ రెండు పద్ధతుల్లో దేనికీ గణాంకశాస్త్రంలో ఆధారం లేదు. ఏ వరుస చదవాలన్న నిర్ణయం బటన్ నొక్కకముందే జరిగిపోవాలి. అది ఎందుకో అర్థం కావాలంటే, నిజమైన దత్తాంశం మీద ఈ పరీక్షను ఒకసారి మొదటినుంచి చివరిదాకా నడిపి చూడడమే మంచి దారి.

అందుకు ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ‘ఎంటీకార్స్’ అనే దత్తాంశం చక్కగా సరిపోతుంది. 1974లో అమెరికా పత్రిక ‘మోటార్ ట్రెండ్’ నుంచి తీసుకున్న 32 కార్ల వివరాలు అందులో ఉన్నాయి. కార్లు 1973–74 మోడళ్లవి. వాటిలో 19 కార్లకు ఆటోమేటిక్ గేర్లు, 13 కార్లకు మాన్యువల్ గేర్లు. మైలేజీని గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు అని ఇచ్చారు. ఆటోమేటిక్ కార్ల సగటు 17.15, మాన్యువల్ కార్ల సగటు 24.39. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే లీటరుకు దాదాపు 7.3 కిలోమీటర్లు, 10.4 కిలోమీటర్లు. ఈ 7.24 మైళ్ల తేడా కేవలం ఏ కార్లు ఈ జాబితాలోకి వచ్చాయన్న యాదృచ్ఛికత వల్ల రాగలదా, లేక అంతకు మించినదా అన్నది టీ-టెస్ట్‌కు మనం వేసే ప్రశ్న.

పరీక్ష నడపడానికి ముందు దత్తాంశాన్ని ఎలా అమర్చాలన్న దగ్గరే చాలా పొరపాట్లు జరుగుతాయి కాబట్టి అక్కడ కాస్త ఆగడం అవసరం. ఎస్‌పీఎస్‌ఎస్‌కు, ఆర్‌కు ఒక్కో కారు ఒక్కో అడ్డవరుసగా ఉండాలి. మైలేజీ అంతా ఒకే నిలువు వరుసలో, గేర్ల రకం మరో నిలువు వరుసలో ఉండాలి. ఎంటీకార్స్‌లో ఈ రెండో వరుస పేరు ‘ఏఎమ్’, అందులో 0 అంటే ఆటోమేటిక్, 1 అంటే మాన్యువల్. ఎక్సెల్ అలవాటు ఉన్నవారు మాత్రం రెండు సమూహాల అంకెలను పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో పెడతారు. ఎక్సెల్ అడిగేది అదే కనుక అక్కడ అది తప్పు కాదు. అదే షీటును ఎస్‌పీఎస్‌ఎస్‌లోకి తెచ్చినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. సమూహాన్ని చెప్పే వరుస లేనందున ఇండిపెండెంట్ శాంపుల్స్ డైలాగ్ పనికిరాదు, రెండు వరుసలను అడిగే పెయిర్డ్ శాంపుల్స్ (జతల పరీక్ష) డైలాగ్ మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా పనిచేస్తుంది. ఒకరికొకరు ఏ సంబంధమూ లేని మనుషులను జతలుగా కట్టి లెక్కవేసి, ఫలితాన్ని శుభ్రంగా పట్టికలో పెట్టి ఇస్తుంది. ఎర్రక్షరాల హెచ్చరిక ఏదీ రాదు.

అమరిక సరిగా ఉంటే నడపడం రెండు నిమిషాల పని. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఎనలైజ్ మెనూలో సగటులను పోల్చే విభాగంలోకి వెళ్లి ఇండిపెండెంట్ శాంపుల్స్ టీ-టెస్ట్ ఎంచుకోవాలి. మైలేజీని టెస్ట్ వేరియబుల్ పెట్టెలోకి, ఏఎమ్‌ను గ్రూపింగ్ వేరియబుల్ పెట్టెలోకి పంపాలి. వెంటనే ఏఎమ్ పేరు పక్కన బ్రాకెట్లలో రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, ఓకే బటన్ మసకగానే ఉండిపోతుంది. మొదటిసారి వాడేవారు ఇక్కడే ఇరుక్కుంటారు. డిఫైన్ గ్రూప్స్ నొక్కి 0, 1 అని రెండు కోడ్‌లు ఇస్తే ప్రశ్నార్థకాల స్థానంలో ఆ అంకెలు వస్తాయి, బటన్ వెలుగుతుంది. ఆర్‌లో అయితే టీ-టెస్ట్ ఫంక్షన్‌కు ‘ఏఎమ్‌ను బట్టి మైలేజీ’ అన్న సూత్రం, దత్తాంశం పేరు ఇస్తే చాలు.

ఇప్పుడు ఫలితం చూద్దాం. సమాన విస్తృతులు ఉన్నాయనుకున్న పై వరుసలో టీ విలువ −4.106, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 30, పీ విలువ 0.000285. సమానం అనుకోని కింది వరుసలో టీ విలువ −3.767, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18.332, పీ విలువ 0.00137. సగటుల తేడా రెండింట్లోనూ ఒకటే, −7.245. టీ విలువకు ముందున్న మైనస్ గుర్తు చూసి కంగారు పడనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ మొదటి సమూహం సగటులోంచి రెండో సమూహం సగటును తీసివేసింది, ఆటోమేటిక్ సగటు తక్కువ కనుక రుణ సంఖ్య వచ్చింది. డిఫైన్ గ్రూప్స్‌లో 1, 0 అని తిరగేసి ఇస్తే అదే విలువ ధన సంఖ్యగా వస్తుంది.

తేడా ఒకటే అయినప్పుడు టీ విలువలు ఎందుకు మారాయి? టీ విలువ అంటే సగటుల తేడాను దాని ప్రామాణిక దోషంతో (ఆ తేడా అంచనాలో ఉన్న అనిశ్చితి కొలతతో) భాగించగా వచ్చేది. పై వరుస ఆ దోషాన్ని 1.764గా, కింది వరుస 1.923గా లెక్కగట్టింది. ఆటోమేటిక్ కార్ల మైలేజీ ప్రామాణిక విచలనం 3.83, మాన్యువల్ కార్లది 6.17, అంటే వాటి వర్గాలైన విస్తృతులు దాదాపు 14.7, 38.0. పై వరుస ఈ రెండు విస్తృతులనూ ఒకే రాశికి రెండు అంచనాలుగా భావించి, కార్ల సంఖ్యను బట్టి బరువునిచ్చి కలిపేస్తుంది. 19 కార్లున్న ఆటోమేటిక్ సమూహానికి ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి కలిపిన విస్తృతి చిన్న అంకె వైపు ఒరిగి 24 దగ్గర ఆగుతుంది. నిజానికి ఈ తేడాలో అనిశ్చితి ఎక్కువగా వస్తున్నది మాన్యువల్ సమూహం నుంచే. అక్కడ కార్లు తక్కువ, చెదురు ఎక్కువ. కింది వరుస ఒక్కో సమూహం విస్తృతిని ఆ సమూహం సంఖ్యతోనే భాగించి, తర్వాత కూడుతుంది. 14.7ను 19తో భాగిస్తే 0.77, 38.0ను 13తో భాగిస్తే 2.93, మొత్తం 3.70, దాని వర్గమూలం 1.923. ఎక్కడ అనిశ్చితి ఉందో అక్కడే దాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి ఇది.

కింది వరుస పద్ధతి బి. ఎల్. వెల్చ్‌ది. పై వరుసకు స్టూడెంట్ పేరు నిలిచింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్ 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో ప్రచురించిన వ్యాసం దీనికి మూలం. కొద్దిపాటి నమూనాలతో నిర్ణయాలు తీసుకోవలసి రావడం ఆయన వృత్తిలోని రోజువారీ ఇబ్బంది. రెండు సమూహాలను పోల్చే రూపాన్ని, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ భాషను 1920లలో రోనాల్డ్ ఫిషర్ స్థిరపరిచాడు. విస్తృతులు సమానం కానప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు వెల్చ్ 1938లోనూ 1947లోనూ రాసిన వ్యాసాలు, 1946లో సాటర్త్‌వెయిట్ ఇచ్చిన ఉజ్జాయింపు ఆచరణయోగ్యమైన జవాబునిచ్చాయి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18.332 అన్న భిన్నాంకంగా రావడం ఈ ఉజ్జాయింపు ఫలితమే. వైవా పరీక్షల్లో ‘ఇది పూర్ణాంకం కావాలి కదా’ అన్న ప్రశ్న ఎదురైతే, అది టైపింగ్ పొరపాటు కాదని, వెల్చ్ పద్ధతికి అది సహజమని ధైర్యంగా చెప్పవచ్చు.

అసలు ఎంపిక విషయానికి వస్తే, పాఠ్యపుస్తకాల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ ఎక్కువగా నేర్పే పద్ధతి ఇది: ముందు అదే పట్టికలో ఎడమవైపున్న లెవీన్ పరీక్ష (రెండు సమూహాల విస్తృతులు సమానమో కాదో చూసేది) చూడు, దాని పీ విలువ 0.05 కన్నా ఎక్కువైతే పై వరుస, తక్కువైతే కింది వరుస. వినడానికి సబబుగానే ఉంటుంది. ఎంటీకార్స్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ తరహా లెవీన్ పరీక్ష ఎఫ్ విలువ 5.92, పీ విలువ 0.021. కాబట్టి కింది వరుస. అయితే ఇదే పరీక్షను ఆర్‌లోని ‘కార్’ ప్యాకేజీతో చేస్తే ఎఫ్ విలువ 4.19, పీ విలువ 0.0496 వస్తుంది, సరిగ్గా గీత అంచుమీద. ఎస్‌పీఎస్‌ఎస్ ప్రతి కారు తన సమూహం సగటు నుంచి ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది, ‘కార్’ ప్యాకేజీ మధ్యగతం నుంచి కొలుస్తుంది. అంతే తేడా. మరో రెండు కార్లు జాబితాలో ఉన్నా లేకున్నా ఈ రెండు సాఫ్ట్‌వేర్లు రెండు వేర్వేరు వరుసలవైపు వేలు చూపి ఉండేవేమో.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఒక పరీక్ష ఫలితాన్ని బట్టి మరో పరీక్షను ఎంచుకుంటే, రెండో పరీక్షకు మనం ఒప్పుకున్న 5 శాతం పొరపాటు హద్దు (లేని తేడాను ఉన్నట్టు చెప్పే అవకాశం) ఇక 5 శాతంగా నిలవదు. పైగా సమూహాలు చిన్నవైనప్పుడు లెవీన్ పరీక్షకు విస్తృతుల తేడాను పట్టే శక్తి తక్కువ. అంటే దాని సాయం ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే అది మౌనంగా ఉంటుంది. పీ విలువ 0.05 దాటినంత మాత్రాన విస్తృతులు సమానమని రుజువైనట్టు కాదు, తేడాను చూపడానికి దత్తాంశం చాలలేదని మాత్రమే. మరోవైపు, విస్తృతులు నిజంగా సమానమైనప్పుడు కూడా వెల్చ్ పద్ధతిని వాడితే కోల్పోయేది బహు స్వల్పం. అందువల్ల ఏ ముందు పరీక్షా లేకుండా మొదటినుంచే వెల్చ్‌నే వాడడం మేలు. ఎస్‌పీఎస్‌ఎస్ భాషలో, ఎల్లప్పుడూ కింది వరుస.

స్టూడెంట్ పద్ధతి ఎప్పుడు దారి తప్పిస్తుందో కూడా తెలుసుకోవాలి. చిన్న సమూహంలో చెదురు ఎక్కువగా ఉంటే, ఎంటీకార్స్‌లో ఉన్నట్టుగా, అది లేని తేడాను ఉన్నట్టు ప్రకటించే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ దాని పీ విలువ వెల్చ్ పీ విలువలో దాదాపు ఐదో వంతే ఉండడం ఆ వైపు ఒరుగుకు చిహ్నం. పెద్ద సమూహంలో చెదురు ఎక్కువైతే ఇందుకు వ్యతిరేకంగా, ఉన్న తేడాను కూడా లేదంటుంది. రెండు సమూహాల సంఖ్య సమానమైతే మాత్రం రెండు పద్ధతుల టీ విలువ ఒకటే అవుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లోనే తేడా వస్తుంది. ప్రయోగాన్ని రూపొందించేటప్పుడు సమూహాలను సమానంగా పెట్టుకోమని చెప్పడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

సాఫ్ట్‌వేర్లు ఈ ఎంపికను ఒక్కోటి ఒక్కో తీరుగా చేస్తాయి, అదీ ఎక్కువగా మనకు చెప్పకుండానే. ఆర్, మినీట్యాబ్ ఏమీ అడక్కపోతే వెల్చ్ పద్ధతిని వాడతాయి. పైథాన్‌లోని సైపై ప్యాకేజీ, స్టాటా ఏమీ అడక్కపోతే సమాన విస్తృతులు ఉన్నాయనే అనుకుంటాయి. జమోవిలో, జాస్ప్‌లో స్టూడెంట్ పెట్టెకు ముందే టిక్ ఉంటుంది, వెల్చ్‌కు మనం టిక్ పెట్టాలి. ఎక్సెల్‌లో ఫంక్షన్ చివర ఇచ్చే అంకెను బట్టి పరీక్ష మారిపోతుంది: 1 ఇస్తే జతల పరీక్ష, 2 ఇస్తే సమాన విస్తృతులు, 3 ఇస్తే అసమాన విస్తృతులు. దాని ముందున్న అంకె పరీక్ష ఏకపక్షమా ద్విపక్షమా అని నిర్ణయిస్తుంది. ఇన్ని నిర్ణయాలు చేయించి ఎక్సెల్ తిరిగిచ్చేది ఒక్క పీ విలువ మాత్రమే, సగటులు గానీ టీ విలువ గానీ అందులో ఉండవు. అదే ఎక్సెల్‌లోని డేటా ఎనాలిసిస్ టూల్‌ప్యాక్ వాడితే పూర్తి పట్టిక వస్తుంది కానీ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను అది పూర్ణాంకానికి సవరిస్తుంది కాబట్టి ఫంక్షన్ ఇచ్చిన పీ విలువతో కొద్దిగా తేడా కనిపిస్తుంది. ఇద్దరు విద్యార్థులు ఒకే దత్తాంశం మీద వేర్వేరు పీ విలువలు తెచ్చి ఎవరిది తప్పని తర్కించుకునే సందర్భాల్లో ఇద్దరిదీ లెక్క ప్రకారం ఒప్పే కావచ్చు. వాళ్లు వాడిన పరీక్షలు రెండూ వేరు.

టీ-టెస్ట్‌కున్న మరో షరతు నార్మల్ డిస్ట్రిబ్యూషన్, అంటే విలువలు గంట ఆకారంలో పరుచుకుని ఉండడం. దాని విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒక్కటి చెప్పుకుంటే చాలు. అన్ని విలువలనూ ఒక్క కుప్పగా చేసి పరీక్షించకూడదు, ఒక్కో సమూహాన్ని విడిగా చూడాలి. సగటులు దూరంగా ఉన్న రెండు చక్కటి గంట ఆకారాలను కలిపితే రెండు మూపురాల ఆకారం వస్తుంది, అది నార్మల్ కాదని పరీక్ష చెప్పడంలో ఆశ్చర్యం లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు పరీక్ష పేరులోనే ఉంది: సమూహాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా స్వతంత్రంగా ఉండాలి. దీన్ని పరీక్షించే బటన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, ఎందుకంటే ఆ సమాచారం అంకెల్లో ఉండదు, దత్తాంశం ఎలా సేకరించారన్న దాంట్లో ఉంటుంది. ఆర్‌లోనే ఉన్న ‘స్లీప్’ అనే దత్తాంశం దీనికి చక్కని నిదర్శనం. గాసెట్ తన 1908 వ్యాసంలో వాడిన అంకెలివి. పదిమంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చి, ఒక్కో మందుతో నిద్ర ఎన్ని గంటలు పెరిగిందో నమోదు చేశారు. మొదటి మందుతో సగటు పెరుగుదల 0.75 గంటలు, రెండో మందుతో 2.33 గంటలు. ఆర్‌లో ఈ దత్తాంశం ‘గ్రూప్’ అనే నిలువు వరుసతో, ఇరవై అడ్డవరుసలుగా ఉంటుంది. అది చూసి ఇరవై మంది మనుషులనుకుని ఇండిపెండెంట్ టీ-టెస్ట్ నడిపితే టీ విలువ −1.86, పీ విలువ 0.079 వస్తాయి. 5 శాతం స్థాయిలో తేడా లేదని రాసేస్తారు. కానీ ఆ రెండు సమూహాల్లోనూ ఉన్నది అదే పదిమంది. రెండో రోగికి మొదటి మందుతో నిద్ర 1.6 గంటలు తగ్గింది, రెండో మందుతో 0.8 గంట పెరిగింది. ఏడో రోగికి 3.7 గంటలు, 5.5 గంటలు పెరిగింది. మనిషికీ మనిషికీ మధ్య తేడా చాలా ఎక్కువ, అదే మనిషిలో మాత్రం రెండో మందు దాదాపు ప్రతిసారీ ముందుంది. జతల పరీక్ష నడిపితే టీ విలువ −4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పీ విలువ 0.0028. సగటుల తేడా రెండు పరీక్షల్లోనూ అదే 1.58 గంటలు. అంకెలు అవే, ముగింపు పూర్తిగా తారుమారైంది.

ఇదే తరహా పొరపాటు మరో దిశలోనూ జరుగుతుంది. ఒకే తరగతిలోని ముప్పై మంది విద్యార్థులకు ఒక బోధనా పద్ధతిని, పక్క తరగతిలోని ముప్పై మందికి మరో పద్ధతిని వాడి, అరవై స్వతంత్ర పరిశీలనలుగా లెక్కవేస్తే, ఒకే ఉపాధ్యాయుడి దగ్గర కూర్చున్న పిల్లల మార్కులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్న సంగతి లెక్కలోకి రాదు. సాఫ్ట్‌వేర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 58 అని చూపుతుంది, వాస్తవంగా పోల్చినవి రెండు తరగతులు. పొలంలో ఒకే మడిలోంచి తీసిన పలు మొక్కల కొలతలకూ ఇదే వర్తిస్తుంది.

ఫలితాన్ని రాసేటప్పుడు ఎస్‌పీఎస్‌ఎస్ పాత వెర్షన్లు చూపే ‘.000’ను అలాగే ఎక్కించడం మానుకోవాలి. పీ విలువ సున్నా కాదు, మూడు దశాంశాలకు సవరించడం వల్ల అలా కనిపించింది. 0.001 కన్నా తక్కువ అని రాయడం సరైనది. పీ విలువ ఒక్కటే రాసి ఊరుకోవడం కూడా చాలదు, తేడా ఎంతో, అది ఏ హద్దుల మధ్య ఉండవచ్చో పాఠకుడికి తెలియాలి. ఎంటీకార్స్‌లో వెల్చ్ పద్ధతి ఇచ్చే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ −11.28 నుంచి −3.21 వరకు. అంటే మూడు మైళ్ల పైచిలుకు తేడాతో మొదలుకొని పదకొండు మైళ్ల దాకా ఏదైనా ఈ దత్తాంశానికి పొసగుతుంది. 32 కార్లతో ఇంతకన్నా కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదన్న నిజాయితీ ఆ హద్దుల్లో ఉంది, పీ విలువలో అది కనిపించదు. ఏ పద్ధతి వాడారో, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో వాడారో ఒక్క వాక్యంలో చెబితే మరొకరు అదే లెక్కను తిరిగి చేయగలుగుతారు.

ఇక ఈ ఫలితం చూసి ‘మాన్యువల్ గేర్లు మైలేజీని పెంచుతాయి’ అని రాయవచ్చా అన్న ప్రశ్న మిగులుతుంది. జాబితాను కళ్లతో చదివితే సందేహం వస్తుంది. 33.9 మైళ్లతో అందరికన్నా ముందున్న టొయోటా కరోలా మాన్యువల్ కారు, బరువు దాదాపు 830 కిలోలు. 10.4 మైళ్లతో అట్టడుగున ఉన్న లింకన్ కాంటినెంటల్ ఆటోమేటిక్ కారు, బరువు దాదాపు 2,460 కిలోలు. సమూహాల సగటు బరువులు తీస్తే ఆటోమేటిక్ కార్లవి దాదాపు 1,710 కిలోలు, మాన్యువల్ కార్లవి 1,090 కిలోలు. టీ-టెస్ట్‌కు బరువు సంగతి తెలియదు, మనం దానికి చెప్పలేదు. గేర్ల రకాన్నీ బరువునూ కలిపి రిగ్రెషన్ (పలు అంశాలతో ఉన్న సంబంధాన్ని ఒకేసారి లెక్కించే పద్ధతి) నడిపితే, బరువు లెక్కలోకి వచ్చాక గేర్ల రకానికి మిగిలే తేడా −0.02 మైలు, దాని పీ విలువ 0.988. అంటే టీ-టెస్ట్ పట్టి చూపిన 7.24 మైళ్ల తేడా నిజమే, దాన్ని గేర్లకు ఆపాదించడానికి మాత్రం ఈ దత్తాంశంలో ఆధారం లేదు. కాబట్టి థీసిస్‌లో రాయదగిన వాక్యం ఇలా ఉంటుంది: ఈ 32 కార్లలో మాన్యువల్ కార్ల సగటు మైలేజీ ఆటోమేటిక్ కార్లకన్నా గ్యాలన్‌కు 7.24 మైళ్లు ఎక్కువగా ఉంది (వెల్చ్ టీ-టెస్ట్, టీ విలువ −3.77, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18.33, పీ విలువ 0.001), అయితే మాన్యువల్ కార్లు సగటున 600 కిలోలకు పైగా తేలికైనవి.